వెనక సీటుకి ఓటు లేదు

బండికి లోయర్లు వేయించాలా వద్దా అని వెండెల్ రస్టాడ్ నవంబరులో ఆలోచించడం మొదలుపెట్టాడు. మార్చి వచ్చింది. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు.

ఈ మధ్యలో అతని భార్య అర్లిస్‌కి కుడి మోకాలు తీసేసి కొత్తది పెట్టారు. ఆవిడ మంచం పట్టింది, లేచింది, వాకరు పట్టుకుని నడిచింది, ఆ వాకరు తీసుకెళ్ళి నేలమాళిగలో పడేసింది కూడా. టాంగెన్ ఊరి సరస్సు గడ్డకట్టింది, దాని మీద చేపలు పట్టేవాళ్ళు గుడిసెలు వేశారు, పీకేశారు. ఒక మనిషికి కొత్త మోకాలు వచ్చి నడక నేర్చేంత కాలంలో రెండు ప్లాస్టిక్ ముక్కల సంగతి తేలలేదంటే ఆ మొగుణ్ణి ఏమనాలి? అర్లిస్ ఏమీ అనలేదు. వచ్చిన చిక్కల్లా అదే.

లోయర్లంటే బ్రహ్మవిద్యేమీ కాదు. దూరప్రయాణాల కోసం చేసిన పెద్ద మోటారుసైకిలుకి ముందు అద్దం, దాని కింద తొడుగు ఉంటాయి కాబట్టి ఛాతీకి గాలి తగలదు. మోకాళ్ళ కింద మాత్రం అంతా బట్టబయలు. అక్కడ ఇంజనుకి అటొకటి ఇటొకటి బిగించుకునే రెక్కల్నే లోయర్లంటారు. పెట్టుకుంటే కాళ్ళకి చలిగాలీ వానా కొట్టవు. జులైలో మాత్రం ఇంజను వేడి బయటికి పోయే దారిలేక పిక్కలు ఉడుకుతాయి. ఇటు లాభం, అటు నష్టం. మూడు నిమిషాలు ఆలోచించి తాడో పేడో తేల్చుకోవలసిన సంగతి.

వెండెల్ దగ్గర మూడు నిమిషాల్లో తేలే సంగతంటూ ఏదీ లేదు. ముప్ఫయ్యారేళ్ళు కౌంటీలో వంతెనలు తనిఖీ చేసే ఉద్యోగం చేశాడు. ఒక్కో వంతెన కిందికీ మూడేసిసార్లు దూరి చూస్తే తప్ప సంతకం పెట్టేవాడు కాడు. ఆ ముప్ఫయ్యారేళ్ళలో ఒక్క వంతెనా కూలలేదు, నిజమే. కానీ వంటింటి గోడకి రంగు ఎంచడానికి అతనికి రెండేళ్ళు పట్టింది. చివరికి ఎంచుకుని కొట్టుకి వెళ్తే, ఆ రంగు తయారు చేయడం మానేసి ఆర్నెల్లయిందన్నారు.

లోయర్ల కోసం పచ్చ అట్ట నోటుపుస్తకం ఒకటి పెట్టాడు. ఒక పేజీకి పైన ‘వేడి’ అని, ఎదురు పేజీకి ‘చలి’ అని రాసుకున్నాడు. ఇంటర్నెట్టులో బండ్లవాళ్ళు కబుర్లాడుకునే చోట ప్రశ్న వేస్తే రెండువందల పద్నాలుగు మంది జవాబిచ్చారు. రెండువందల పద్నాలుగూ పుస్తకంలోకి ఎక్కించాడు.

"టెక్సాసు నుంచి ఒకాయన రాశాడు," అనేవాడు భోజనం దగ్గర. "వద్దే వద్దంటున్నాడు. కాళ్ళు బొబ్బలెక్కాయట."

"టెక్సాసులో చెప్పుల్లేకుండా వాకిట్లో నిలబడ్డా బొబ్బలెక్కుతాయి," అనేది అర్లిస్.

"అలాస్కా ఆయన మాత్రం వేయించి తీరాలంటున్నాడు."

"అనక?"

"అదే మరి. ఇద్దరూ అనుభవం ఉన్నవాళ్ళే. ఎవరి మాట నమ్మాలి?"

మనం ఉండేది టెక్సాసులోనూ కాదు, అలాస్కాలోనూ కాదు, మినెసోటాలో, నీ వెనక కూర్చునేది నేను, అన్న మాట అర్లిస్‌కి నాలుక చివరిదాకా వచ్చేది. ఆవిడ దాన్ని మింగి, బంగాళాదుంపల గిన్నె అతనివైపు జరిపేది.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. టాంగెన్‌లో అడిగితే అమ్మ కూడా పెట్టదు. అక్కడి మనుషులు తమకోసమంటూ ఏదీ నోరు తెరిచి అడగరు. ఎవరైనా పెట్టినా మూడుసార్లు వద్దనాలి, నాలుగోసారి "పారేయడం ఎందుకులే" అంటూ తీసుకోవాలి. చర్చి విందులో పళ్ళెంలో ఆఖరి తీపిముక్క మిగిలిందంటే, వచ్చినవాడు దాన్ని సగానికి కోసుకుపోతాడు. ఆ వెనకవాడు మిగిలినదాంట్లో సగం. చివరికి చీమకి కూడా చాలని నలుసు మిగులుతుంది తప్ప, ఆఖరిది నేను తిన్నానని చెప్పుకునేవాడు ఊళ్ళో ఉండడు. అర్లిస్ అలాంటి ఇంట్లో ఏడుగురిలో ఐదోది. ఇప్పుడు అరవయ్యేడేళ్ళు. "నాకు కావాలి" అన్న మాట చివరిసారి ఎప్పుడు అందో ఆవిడకే గుర్తులేదు.

ఇరవయ్యారేళ్ళుగా వెండెల్ బండి వెనక కూర్చుంటోంది. పెట్రోలు కోసం ఆగిన ప్రతిచోటా అతను హెల్మెట్టు తీసి, "చలిగా ఉందా?" అని అడిగేవాడు. పాపం, అడగలేదని అనకూడదు. "నాకేం, బాగానే ఉన్నాను," అనేది ఆవిడ, పాదాల కింద నేల తెలియకపోయినా సరే. ఆ తర్వాత ఆడవాళ్ళ గదిలోకి పోయి, చేతులారబెట్టుకునే యంత్రం కింద ఒక్కొక్క కాలే ఎత్తిపెట్టి కాచుకునేది. ఆడవాళ్ళన్నాక ఆలస్యమవుతుందిలే అని వెండెల్ బయట ఓపిగ్గా నిలబడేవాడు.

అసలు ఈ లోయర్ల ఆలోచన అతని బుర్రలో నాటింది అర్లిసే. పోయిన సెప్టెంబరులో ఒక వాన రోజున వెండెల్ టైరు పంక్చరై, ఆవిడ వాళ్ళ బండ్ల సంఘంలోని డెల్మర్ లూంద్ బండి వెనక అరవై మైళ్ళు ఇంటికొచ్చింది. కాపురానికొచ్చాక పరాయివాడి బండి ఎక్కింది అదొక్కసారే. డెల్మర్ బండికి లోయర్లున్నాయి. ఆ అరవై మైళ్ళూ ఆవిడ పిక్కలు వెచ్చగా ఉన్నాయి. ఇంజను వేడి వెనక్కి వచ్చి మోకాళ్ళని తాకుతుంటే, ఇన్నేళ్ళూ ఇది లేకుండానా నేను తిరిగింది అని హెల్మెట్టులోపల ఆవిడకి ఏడుపొచ్చినంత పనైంది. ఇంటికొచ్చాక వెండెల్‌తో అన్నది ఒకే ఒక్క ముక్క. "డెల్మర్ బండికి అవేవో రెక్కలున్నాయే."

టాంగెన్ లెక్కన అది కాళ్ళావేళ్ళా పడి బతిమాలుకోవడం. వెండెల్ "ఊఁ" అన్నాడు. రెండు నెలలు పోయాక, అది తన సొంత ఆలోచనే అనుకుని నోటుపుస్తకం కొన్నాడు.

మోకాలి ఆపరేషను తర్వాత సంగతి ముదిరింది. వ్యాయామం చేయించే పిల్ల కచ్చితంగా చెప్పింది. ఈ ఏడాదంతా మోకాళ్ళకి చలిగాలి కొట్టనివ్వద్దు, గంటసేపు కొట్టిందంటే బిగుసుకుపోయి బండి దిగడానికి కూడా వంగదు, అని. జూన్‌లో సంఘంలోని ఏడు బండ్లవాళ్ళూ కలిసి పశ్చిమాన కొండల్లోకి తొమ్మిది రోజులు వెళ్తారు. అక్కడి దారుల్లో జూన్‌లో కూడా పొద్దున్నే వేళ్ళు కొంకర్లు పోతాయి. లోయర్లుంటే అర్లిస్ వెళ్తుంది, లేకపోతే ఇంట్లో కూర్చుంటుంది.

ఇంట్లో కూర్చోవడమంటే ఏమిటో ఆవిడకి తెలుసు. డెల్మర్ భార్య జానిస్‌ని చూసింది కదా. నాలుగేళ్ళ కిందట భుజం నొప్పని జానిస్ ఒక్క ఏడాది మానేసింది. మరుసటి ఏడాది నుంచి డెల్మర్ ఒక్కడే వెళ్తున్నాడు, ఈ చలికాలం ఆ వెనక సీటు కూడా పీకేసి సామాన్లు కట్టుకునే స్టాండు బిగించాడు. వెళ్ళినప్పుడల్లా సాయంత్రాలు ఎక్కడో మోంటానా నుంచి ఫోను చేస్తాడు. "నాకేం, బాగానే ఉన్నాను," అంటుంది జానిస్. ఆ మాట విలువెంతో అర్లిస్‌కి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? ఒక్కసారి దిగితే మళ్ళీ ఎక్కేది ఉండదని ఆవిడ భయం. ఆ భయంతో చలికాలమంతా మొగుడి మొహం వంక చూస్తూ గడిపింది. మొగుడేమో నోటుపుస్తకం వంక చూస్తూ గడిపాడు.

ఫిబ్రవరిలో ఒకరోజు గరాజులోంచి హోరు వినిపిస్తే ఏమిటా అని వెళ్ళి చూసింది. బయట మోకాలి లోతు మంచు. లోపల వెండెల్ పొడుగు లోదుస్తుల్లో బండెక్కి కూర్చున్నాడు. రెండు పిక్కలకీ రెండు థర్మామీటర్లు టేపుతో అంటించుకున్నాడు. బండి ముందు పెద్ద ఫ్యాను తిరుగుతోంది. ఇంజనుకి రెండు పక్కలా ఓట్సు డబ్బాల అట్టలు కత్తిరించి తీగతో కట్టాడు.

"ఏం చేస్తున్నావు?"

"పరీక్ష," అన్నాడు వెండెల్, పళ్ళు టకటకలాడిస్తూ. "అట్టలుంటే ఎంత, లేకపోతే ఎంత అని."

"తేలిందా?"

"అట్టలు లేనప్పుడు చలేసింది."

"అట్టలున్నప్పుడు?"

"అప్పుడూ వేసింది. గరాజు కదా."

అర్లిస్ కర్ర మీద ఒరిగి అతన్ని ఎగాదిగా చూసింది. డెబ్బయ్యేళ్ళ మనిషి, తెల్లటి లోదుస్తులు, కాళ్ళ దగ్గర ఓట్సు డబ్బా మీది నవ్వు మొహం బొమ్మ. పెళ్ళినాడు ఈ మనిషి ప్రతిదీ మూడుసార్లు చూసుకుంటాడని తన తల్లి ఎంత మురిసిపోయింది!

"వెనక సీటు దగ్గర థర్మామీటరు పెట్టలేదే?" అంది.

"వెనకా?" అన్నాడు వెండెల్. ఏదో అనబోయి ఆగి, ఫ్యాను వంక చూశాడు. "నీకెప్పుడూ చలి ఉండదుగా."

అప్పుడే అనేయవలసింది. నోరు తెరిచింది కూడా. "కాఫీ తెస్తాను, బిగుసుకుపోయేలా ఉన్నావు," అనేసి లోపలికి వచ్చేసింది. వంటింట్లో తనని తాను తిట్టుకుంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని మొగుణ్ణి అనే వీల్లేదు, ఇక్కడ దురదంతా కందకే, కందే నోరు మెదపదాయె.

మార్చి మూడో శనివారం లూథరన్ చర్చి నేలమాళిగలో బండ్ల సంఘం ఫలహారం. ఏడు బండ్లు, ఏడుగురు మగవాళ్ళు. ఆడవాళ్ళు వంతులవారీగా గుడ్లూ సాసేజీ కలిపి కాల్చిన పళ్ళేలు తెస్తారు, కాఫీ పోస్తారు. ఆ వారం వంతు అర్లిస్‌ది, జానిస్‌ది. జానిస్ వంటగదిలో ప్లేట్లు కడుగుతోంది. వంటగదికీ హాలుకీ మధ్య కిటికీ తెరిచే ఉంది.

సంఘానికి అధ్యక్షుడు ఆర్విడ్ బాకె. ముప్ఫయ్యేళ్ళు చర్చి కమిటీలో మినిట్సు రాసి రాసి, ఎవరైనా ఉప్పు అందించమన్నా "ఎవరు బలపరుస్తున్నారు?" అని అడిగే స్థితికి వచ్చినవాడు. కొండల ప్రయాణానికి గదులు రాయించే పని అతనిదే. కాయితం ముందు పెట్టుకుని ఒక్కొక్కరినీ అడుగుతూ వచ్చాడు. లైల్, ఇద్దరు. డెల్మర్, ఒకడు. "ఏరా వెండెల్, నువ్వు ఒకడివేనా, ఇద్దరా?"

"లోయర్ల సంగతి తేలనీ," అన్నాడు వెండెల్.

బల్ల చుట్టూ మూలుగులు వినిపించాయి.

"ఒరే నాయనా, ఇంకా తేలలేదా?" అన్నాడు డెల్మర్. "నేను చెప్పలేదూ? జులైలో నా కాళ్ళు వేపుడయ్యాయి. అందుకే పోయిన నెల పీకి పారేశాను. నా బండివి నీ బండికి పట్టవు గానీ, పట్టేవైతే ఉచితంగా ఇచ్చి నీ పీడ వదిలించుకునేవాణ్ణి."

"వానలో మాత్రం అవి ఉండాలిరా," అన్నాడు ఇంకొకాయన.

"వానకి ప్యాంటుంది. వేడికి ఏముంది?"

పావుగంట నడిచింది. చివరికి ఆర్విడ్ చెంచాతో కప్పు మీద కొట్టాడు. "ఇలా కాదు. పద్ధతి ప్రకారం పోదాం. వెండెల్ బండికి లోయర్లు వేయించాలని ప్రతిపాదన. ఎవరు బలపరుస్తారు?"

లైల్ బలపరిచాడు. పక్కవాడి బండికి ఏం తగిలించాలో ఏడుగురు మగవాళ్ళు ఓటేసి తేల్చడమన్నది ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందో లేదో గానీ, అక్కడ ఎవరికీ వింతగా అనిపించలేదు. బల్ల చివర కాఫీ పోస్తున్న అర్లిస్ కూజా పట్టుకుని నిలబడిపోయింది.

"వెనక కూర్చునేవాళ్ళ సంగతి కూడా కాస్త," అంది మెల్లిగా.

"అర్లిస్ తల్లీ," అన్నాడు డెల్మర్ నవ్వుతూ, "నిబంధన ఏడు మర్చిపోయావా? వెనక సీటుకి ఓటు లేదు."

అందరూ నవ్వారు. అర్లిస్ కూడా నవ్వింది. నవ్వకపోతే మర్యాద కాదు. నవ్వాక తన మీద తనకే అసహ్యం వేసింది.

"వేయించాలన్నవాళ్ళు?" చేతులు లేచాయి, మూడు. "వద్దన్నవాళ్ళు?" మూడు. ఆర్విడ్ లెక్కపెట్టుకుని, కళ్ళద్దాలు తుడుచుకుని, మళ్ళీ లెక్కపెట్టాడు. "నేను వేయలేదు. లైల్ నోట్లో గుడ్డుంది, వాడూ ఎత్తలేదు. ఐదుగురికి ఆరు చేతులెలా వచ్చాయి?"

"నేను రెండుసార్లు ఎత్తాను," అన్నాడు వెండెల్.

"ఎందుకురా?"

"రెండు వైపులా న్యాయం ఉంది కదా."

అర్లిస్ కూజా పిడి గట్టిగా పట్టుకుంది. లేకపోతే అది ఎవరి నెత్తిన ఉండేదో చెప్పలేం.

వెండెల్ ఓట్లు రెండూ కొట్టేశారు. రెండుకి రెండు. అధ్యక్షుడు ఎటో ఒకవైపు మొగ్గాలి. మొగ్గితే ఎవరో ఒకరు నొచ్చుకుంటారని ఆర్విడ్ ముప్ఫయ్యేళ్ళుగా ఎటూ మొగ్గలేదు. "వచ్చే నెలకి వాయిదా," అన్నాడు. "కానీ గదుల సంగతి ఆగదబ్బాయ్. మోటెలువాళ్ళకి ఇవాళే చెప్పాలి. ఒకడివా, ఇద్దరా?"

అర్లిస్ అప్పటికి వెండెల్ భుజం వెనకే ఉంది. అతను కప్పులోకి చూశాడు. నోటుపుస్తకం అంచు బొటనవేలితో గీరాడు.

"ప్రస్తుతానికి," అన్నాడు, "ఒకటి రాయి."

ఆర్విడ్ కలం కాయితానికి ఆనించాడు. అర్లిస్ వేడి వేడి కాఫీ కూజాని తీసుకెళ్ళి ఆ పచ్చ నోటుపుస్తకం మీద దించింది.

"నాకు చలి," అంది.

ఎవరికీ అర్థం కాలేదు. లైల్ లేచి, హీటరు పెంచమంటావా అని అడిగాడు.

"ఇక్కడ కాదు. బండి మీద. నాకు చలేస్తుంది. ఇరవయ్యారేళ్ళుగా వేస్తోంది. జూన్‌లో వేస్తుంది, ఆగస్టులో పొద్దున్నే వేస్తుంది, అక్టోబరులో అయితే కాళ్ళున్నాయో లేదో వంగి చూసుకుంటాను. పెట్రోలు బంకుల్లో చేతులారబెట్టుకునే యంత్రం కింద కాళ్ళు పెట్టి నిలబడతాను, ముసలి కొంగలాగా. ఒకసారి ఒక చిన్నపిల్ల చూసి వాళ్ళమ్మని పిలిచింది." "ఆ లోయర్లు నాకు కావాలి. వింటున్నారా? కావాలి. మీ నిబంధన ఏడు తీసుకెళ్ళి సరస్సులో పారేయండి. నాకు కావాలి, నేను వస్తాను, గది ఇద్దరికి."

నిప్పంటుకున్నా ఆ ఊరివాళ్ళు అంతగా బిత్తరపోయేవాళ్ళు కారు. ఆర్విడ్ కలం గాల్లో ఆగిపోయింది.

"ఇదంతా మినిట్సులో రాయాలా?" అని అడిగాడు చివరికి.

"రాయి," అంది వంటగది కిటికీలోంచి జానిస్ గొంతు. ప్లేటు తుడుస్తూ నిలబడింది, మొహం ఎర్రగా ఉంది. "రాశాక ఇంకోటి కూడా రాయి. డెల్మర్, ఆ సామాన్ల స్టాండు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది."

డెల్మర్ ప్లేట్లోని సాసేజీ ముక్కని ఫోర్కుతో అటూ ఇటూ దొర్లించాడు.

అర్లిస్ కోటు తీసుకుని మెట్లెక్కి బయటికొచ్చింది. చర్చి ముందు పార్కింగులో బురద, మంచు కలిసి చిత్తడిగా ఉంది. వాళ్ళ పికప్పులోకి ఎక్కి తలుపేసుకుని కూర్చుంది. ఇంక ఈ ఊళ్ళో మొహమెలా చూపించను అని ఒక పక్క, ఇదేదో నలభై ఏళ్ళ కిందటే చేయవలసింది అని ఇంకో పక్క.

కాసేపటికి వెండెల్ వచ్చాడు. ఎక్కి, తాళం పెట్టాడు గానీ తిప్పలేదు. పచ్చ నోటుపుస్తకం ఒళ్ళో ఉంది, అట్ట మీద గుండ్రంగా కాలిన మచ్చతో.

"థండర్ బే వెళ్ళినప్పుడు?" అన్నాడు.

"చలేసింది."

"ఇటాస్కా సరస్సు దగ్గర? ఆ రోజు నువ్వు పాట పాడావు."

"పళ్ళు కొట్టుకోకుండా పాడాను."

"మన పెళ్ళిరోజుకి వెళ్ళినప్పుడు?"

"అన్నింటికన్నా అప్పుడే ఎక్కువ."

వెండెల్ అద్దంలోంచి బయటికి చూశాడు. అతని మొహంలో వంతెన కూలింది. "అవన్నీ నీకు బాగున్నాయనుకున్నాను," అన్నాడు.

"బాగున్నాయి! ఎవరు కాదన్నారు? బాగున్నాయి, చలేసింది. రెండూను. లేకపోతే ఇరవయ్యారేళ్ళు ఎందుకొస్తాను? నువ్వెళ్తుంటే నేను ఇంట్లో ఉండలేకపోయాను, అంతే."

"మరి చెప్పొచ్చుగా."

"ఎలా చెప్తాను? చెప్తే నువ్వు నా కోసమని మానేస్తావు. నా మూలంగా నువ్వు మానేశావని ఊరంతా అనుకుంటుంది. నేను మాత్రం ఎవరి కూతుర్ని, నోరు తెరిచి అడగడానికి?" కోపంతో ఆవిడ కళ్ళలో నీళ్ళొచ్చాయి. "సరే, నేను చెప్పలేదు, నాదే తప్పు. నువ్వు? ఒకటి రాయమన్నావే! నేను నీ వెనకే నిలబడి ఉంటే, ఒకటి రాయమన్నావే!"

వెండెల్ రెండు చేతులా స్టీరింగు పట్టుకున్నాడు. వంతెన కింద ఎక్కడో పగులు కనిపించినప్పుడు అతను అలాగే కూర్చునేవాడేమో.

"ఆపరేషను తర్వాత నువ్వు బండి మాటే ఎత్తలేదు," అన్నాడు.

"నువ్వెత్తావా?"

"ఎత్తితే ఇంక రానంటావేమో అనుకున్నాను. లోయర్లు కొనేశాననుకో, అప్పుడు అడగాలిగా, వస్తావా అని. వేయించుకున్నాక నువ్వు రానంటే ఇంక ఆ బండి వంక ఎలా చూడను? తేలనంతకాలం అడగక్కర్లేదు. అందుకని." నోటుపుస్తకం మీది మచ్చని వేలితో రుద్దాడు. "ఆర్విడ్ గది ఎందరికని అడిగితే, ఇద్దరని నోటిదాకా వచ్చింది. అంటే నిన్ను ఇరికించినట్టవుతుందని ఒకటన్నాను."

అర్లిస్ అతనివైపు పూర్తిగా తిరిగింది. కొత్త మోకాలు కలుక్కుమంది, పట్టించుకోలేదు.

"టెక్సాసువాణ్ణి అడిగావు. అలాస్కావాణ్ణి అడిగావు. ముక్కూ మొహం తెలియని రెండొందల పద్నాలుగు మందిని అడిగావు. డెల్మర్ గాణ్ణి అడిగావు, గుడ్డు నములుతున్న లైల్‌ని కూడా అడిగావు. ఓట్సు డబ్బాని అడిగావు! నన్నొక్కదాన్ని అడగడానికి నీకు నోరెందుకు రాలేదు?"

"వాళ్ళు కాదంటే నాకేం పోదు కదా," అన్నాడు వెండెల్.

అర్లిస్ దగ్గర నాలుగు నెలల నుంచి కూడబెట్టుకున్న తిట్లు ఇంకా సగం మిగిలే ఉన్నాయి. ఈ మనిషిని పట్టుకుని కుదిపేయాలో, కావలించుకోవాలో తెలియక, కోటు జేబులోంచి రుమాలు తీసి ముక్కు చీదింది.

"ఫోను తియ్యి," అంది.

తీశాడు.

"ఆర్డరివ్వు. ఇప్పుడే. నా కళ్ళ ముందు."

వెండెల్ కళ్ళద్దాలు పైకి తోసుకుని వేలితో వెతికాడు. లోయర్ల బొమ్మ దొరికింది. తొమ్మిదివందల డాలర్లు. దాని కింద ఇంకేదో ఉంది, అతను ఆగాడు. "నలుపులో ఉన్నాయి, బండి రంగులో కూడా ఉన్నాయి," అన్నాడు. "నలుపైతే గీతలు కనిపించవు, కాకపోతే ఎండకి..."

అర్లిస్ అతని వంక చూసింది.

"నలుపు," అన్నాడు వెండెల్ గబగబా, వేలితో నొక్కేశాడు. నొక్కాక, జీవితంలో మొదటిసారి మూడుసార్లు చూసుకోకుండా సంతకం పెట్టినవాడిలా బిక్కమొహం వేసుకుని కూర్చున్నాడు.

"గురువారానికి వస్తాయట."

"అయితే శుక్రవారం బిగించు. శనివారం వెళ్దాం."

"మార్చిలోనా? రోడ్డంతా మంచు. ఎక్కడికి వెళ్తాం?"

"నన్నడుగుతున్నావా?" అంది అర్లిస్.

వెండెల్ ఆవిడ వంక తిరిగి చూశాడు. "అవును," అన్నాడు. "నిన్నే అడుగుతున్నాను."

ఆవిడ రుమాలు మడిచి జేబులో పెట్టుకుంది. ఎవరూ తనని ఎప్పుడూ అడగనట్టు కాసేపు ఆలోచించింది. ఎక్కడికి అన్నది ఆవిడకీ తట్టలేదు. ఎదురుగా చర్చి తలుపు తెరుచుకుని జానిస్, ఆవిడ వెనకే తల దించుకుని డెల్మర్ బయటికొచ్చారు.

"ఏమో," అంది అర్లిస్. "ఆలోచించుకోవాలి."